కలియుగ భీముడు – కోడి రామ్మూర్తి నాయుడు

బలమనగానే సాధారణంగా కండలు గుర్తుకు వస్తాయి. భారీ శరీరం, ఉబికిన భుజాలు, విశాలమైన ఛాతీ కలవాడే బలవంతుడని లోకం తలుస్తుంది. అయితే కండకు ఆధారం ఊపిరి. ఊపిరికి ఆధారం నిలకడ గల మనస్సు. ఈ మూడింటినీ ఒకే తాటిపై నడిపించగలిగిననాడు దేహం అపారమైన శక్తికి నిలయమవుతుంది. ఈ సత్యాన్ని తన దేహంతోనే నిరూపించి, ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో దేశదేశాల ప్రజలను ఆశ్చర్యచకితులను చేసిన ఆంధ్రుడు కోడి రామ్మూర్తి నాయుడు. ఛాతీపై ఏనుగును నిలుపుకొన్న వీరునిగా తెలుగువారు ఆయనను నేటికీ తలచుకుంటారు. కాని ఆ సాధన ఎంత లోతైనదో లోకానికి తెలిపినది ఏనుగు కాదు; జీవితపు చివరి దశలో ఆయనను పట్టి పీడించిన వ్యాధి.

రామ్మూర్తి నాయుడు 1882వ సంవత్సరంలో వీరఘట్టంలో జన్మించారు. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని గ్రామం. తరువాత చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఆయన తండ్రి పేరు కోడి వెంకన్న నాయుడు. చిన్ననాడే తల్లిని కోల్పోయిన బాలుణ్ణి తండ్రి గారాబంగా పెంచారు. చదువుపై పెద్దగా ఆసక్తి కలుగలేదు. తెల్లవారుజామున లేచి ఊరి చెరువు గట్టుకు చేరడం, అక్కడ వ్యాయామం చేయడం ఆయనకు చిన్ననాటి అలవాటు. కొడుకు పుస్తకాలకు దూరమవుతున్నాడని తండ్రి కలత చెంది, విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపారు. చదువుకోసం చేసిన ఆ ఏర్పాటు చివరకు ఆయన వ్యాయామ జీవితానికే పునాది అయింది.

ఆనాటి విజయనగరం కళలకు కాణాచి. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు వంటి మహనీయులు ఆ నగరంలో నివసిస్తున్న కాలమది. గజపతుల సంస్థానంలో సంగీత సాహిత్యాలకు ఎంత ఆదరముండేదో సాము గరిడీలకు, కుస్తీలకు అంత ఆదరముండేది. అటువంటి వాతావరణంలో బాలుడైన రామ్మూర్తి కుస్తీలో ఆరితేరారు. బస్కీలు, దండీలు తీయడం ఆయనకు నిత్యకృత్యమైంది. ఇరవై ఒక్క సంవత్సరాల ప్రాయానికే ఒకటిన్నర టన్నుల బరువును ఛాతీపై నిలుపగలిగే స్థితికి చేరుకున్నారని ఆయన జీవితచరిత్రను రాసినవారు పేర్కొన్నారు.

ఆ రోజులలో వ్యాయామమంటే కేవలం ఆరోగ్యానికి సంబంధించిన విషయం కాదు. జాతి గౌరవానికి సంబంధించిన విషయం కూడా. భారతీయులు దుర్బలులని, తమను తాము పాలించుకోజాలనివారని ఆంగ్ల పాలకులు ప్రచారం చేస్తుండేవారు. బెంగాలీల శరీరదార్ఢ్యాన్ని చులకన చేస్తూ మెకాలే వంటివారు రాసిన రాతలు చదువుకున్న భారతీయుల మనస్సులను గాయపరచాయి. మరోవైపు యూరప్‌లో యూజీన్ శాండో అనే బలశాలి పేరు మారుమోగుతున్నది. 1867లో జర్మన్ దేశంలో పుట్టిన శాండో 1904, 1905 సంవత్సరాలలో భారతదేశంలో పర్యటించి తన ప్రదర్శనలతో ప్రజలను ఆకర్షించాడు. డంబెల్సు, స్ప్రింగులు మొదలైన సాధనాలతో కండలు పెంచే అతని పద్ధతికి దేశంలో ఎందరో అనుచరులు ఏర్పడ్డారు. బలం కూడా పడమటి నుండి దిగుమతి కావలసిన సరుకేనా అన్న ప్రశ్న ఆనాటి దేశభక్తులను వేధించింది. ఆ ప్రశ్నకు తన దేహంతో సమాధానం చెప్పినవాడు రామ్మూర్తి. అందుచేతనే ప్రజలు ఆయనను ఇండియన్ శాండో అని పిలుచుకున్నారు.

వ్యాయామాన్ని శాస్త్రీయంగా నేర్వాలనే తలంపుతో రామ్మూర్తి మద్రాసుకు వెళ్లి, సైదాపేటలోని శిక్షణ కళాశాలలో ఒక సంవత్సరంపాటు వ్యాయామ బోధనలో తరిఫీదు పొందారు. తిరిగివచ్చి, తాను చదువుకొన్న విజయనగరం ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరారు. మద్రాసులో హ్యారీ బక్ వ్యాయామ విద్యాలయాన్ని స్థాపించినది 1920లో. అంతకు ఎన్నో ఏండ్ల క్రితమే ఒక తెలుగు యువకుడు వ్యాయామాన్ని విద్యగా అభ్యసించి, దానిని ఇతరులకు బోధించే వృత్తిలో ప్రవేశించడం గమనింపదగిన విషయం. ప్రదర్శకుడు కావడానికి ముందే ఆయన ఉపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయ లక్షణం ఆయనను చివరివరకు విడిచిపెట్టలేదు. ప్రజలు ఆయనను ప్రొఫెసర్ రామ్మూర్తి అని పిలవడంలో ఆ గౌరవమే కనిపిస్తుంది.

కుస్తీతో, దండీలతో ఆయన తృప్తి చెందలేదు. యోగశాస్త్రాన్ని ఆశ్రయించారు. పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాలలో ప్రాణాయామం నాలుగవది. గాలిని లోనికి తీసుకోవడం పూరకం, నిలపడం కుంభకం, విడవడం రేచకం. ఈ మూడింటినీ క్రమబద్ధం చేసి, శ్వాసపై మనస్సును నిలపడమే ప్రాణాయామ సాధన. రామ్మూర్తి దీనిని దీర్ఘకాలం అభ్యసించి, వాయుస్తంభన, జలస్తంభన విద్యలలో నేర్పరి అయ్యారు. ఆయన శాకాహారి. మాంసాహారం లేనిదే బలం రాదనే వాదానికి ఆయన దేహమే ప్రతివాదంగా నిలిచింది. శ్వాస నియమం, మనోనిగ్రహం, మితాహారం తన బలానికి మూలాలని ఆయన తన ప్రదర్శనలలో వివరించేవారు.

భారతీయ వ్యాయామంలో ఉన్న విశేషాన్ని ఇక్కడ గుర్తించాలి. దండీ తీసేటప్పుడు అరచేతులు నేలపై ఆన్చి, నడుమును పైకెత్తి, ఛాతీని నేలకు దగ్గరగా దించి, ముందుకు సాగి తల పైకెత్తుతారు. ఈ కదలిక అంతా శ్వాసను అనుసరించి సాగుతుంది. బస్కీలోనూ అంతే. ఏ కండరం బిగుస్తున్నదో, ఏది సడలుతున్నదో సాధకుని మనస్సు కనిపెట్టి ఉండాలి. మనస్సు ఎటో పోయి, దేహం మాత్రం యంత్రంలా ఆడితే అది శ్రమ మాత్రమే అవుతుంది. మనస్సు కదలికతో కలిసి నడిస్తే అది సాధన అవుతుంది. ఈ భేదం తెలిసినవాడు కనుకనే రామ్మూర్తి సాముగరిడీని, యోగాన్ని వేర్వేరు విద్యలుగా భావించలేదు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉండగానే ఆయన ప్రదర్శనలు ప్రజలను ఆకర్షింపసాగాయి. మిత్రుడైన పొట్టి పంతులు సహకారంతో ఆయన ఒక సర్కసు సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తూ తెలుగునాట, తమిళనాట, ఉత్తర భారతంలో విశేషమైన పేరు గడించింది. ఛాతీకి ఉక్కు గొలుసు చుట్టించుకొని, గాలిని నిండుగా పీల్చి దానిని తెంచివేసేవారు. రెండు కార్లకు కట్టిన తాళ్లను చేతులతో పట్టి, అవి చెరొకవైపు లాగుతున్నా కదలకుండా నిలిచేవారు. ఛాతీపై బల్లను అమర్చుకొని దానిపై ఏనుగును నిలబెట్టుకొనేవారు. వైస్రాయి లార్డ్ మింటో కారును సైతం ఆయన కదలనీయకుండా ఆపారని ఉత్తరాంధ్ర ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు.

ఈ విన్యాసాలను నేటి శాస్త్రదృష్టితో పరిశీలిస్తే ఆయన ప్రతిభ తగ్గదు సరికదా, మరింత స్పష్టమవుతుంది. ఆరోగ్యవంతుడైన పురుషుని ఊపిరితిత్తులు సుమారు 6 లీటర్ల గాలిని పట్టగలవు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక్కొక్క శ్వాసలో లోనికి వెళ్లే గాలి సుమారు అర లీటరు మాత్రమే. గాలిని నిండుగా పీల్చి, కంఠద్వారాన్ని మూసి, ఉదర కండరాలను బిగించినప్పుడు ఛాతీలోను ఉదరంలోను ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మొండెం గాలి నిండిన గట్టి పీపా వలె వెన్నెముకకు ఊతమిస్తుంది. నేటి బరువులెత్తే క్రీడాకారులు కూడా ఈ సూత్రాన్నే వాడుకుంటారు. వెడల్పయిన బల్ల బరువును ఎక్కువ మేరకు పంచి, ఏ ఒక్క ఎముకపైనా భారమంతా పడకుండా చేస్తుంది. నిలిచి ఉన్న కారు ఎంత బలంగా లాగగలదన్నది దాని చక్రాలకు నేలపై ఉన్న పట్టును బట్టి కూడా ఉంటుంది. శరీరాన్ని ఏ కోణంలో నిలపాలో, ఏ క్షణంలో శ్వాసను బిగించాలో, ఎప్పుడు విడవాలో తెలియనివానికి ఈ సూత్రాలు ఉపయోగపడవు. పైగా అది ప్రాణాంతకమవుతుంది. శ్వాసను అలా బిగబట్టినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. అందువల్ల సంవత్సరాల సాధనగాని, గురువు పర్యవేక్షణగాని లేకుండా ఇటువంటి విన్యాసాలను అనుకరించరాదు.

ఆయన కీర్తి వ్యాపించిన కాలం జాతీయోద్యమం ఉవ్వెత్తున లేచిన కాలం. 1905లో బెంగాలు విభజన జరిగింది. వందేమాతరం ఉద్యమం దేశమంతటా వ్యాపించింది. 1907 ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి యువకులను మేల్కొలిపారు. స్వదేశీ వస్త్రం, స్వదేశీ విద్య వలెనే స్వదేశీ వ్యాయామం కూడా ఉద్యమంలో ఒక భాగమైంది. ఊరూరా వ్యాయామశాలలు వెలిశాయి. అటువంటి వేళ, విదేశీ సాధనాలేవీ లేకుండా మన నేలపై పుట్టిన దండీ, బస్కీ, ప్రాణాయామాలతో బలం సాధించిన రామ్మూర్తి జాతీయ నాయకుల దృష్టిని ఆకర్షించడం సహజమే. పూనాలో ప్రదర్శన చూసిన లోకమాన్య తిలక్ ఆయనను మల్లమార్తాండ బిరుదంతో గౌరవించారని, పండిత మదనమోహన మాలవీయ ఆహ్వానంపై అలహాబాదు వెళ్లి ప్రదర్శన ఇచ్చారని జీవితచరిత్రలు తెలుపుతున్నాయి. మల్లమార్తాండ, జగదేకవీర, కలియుగ భీమ మొదలైన బిరుదులు ఆయన పేరుకు ముందు చేరాయి.

ఆయన ప్రభావం ప్రదర్శనశాలల గోడలను దాటి ఎంత దూరం వెళ్లిందో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. కాకోరీ కేసులో ఉరిశిక్ష పొందిన విప్లవవీరుడు రాంప్రసాద్ బిస్మిల్ గోరఖ్‌పూర్ కారాగారంలో తన ఆత్మకథను రాశారు. 1927 డిసెంబరు 19న ఆయనను ఉరితీశారు. మరణం ఎదుట నిలిచి రాసిన ఆ గ్రంథంలో బిస్మిల్ విద్యార్థుల ఆరోగ్యాన్ని గురించి ప్రస్తావిస్తూ, దండీలు బస్కీలు చేయదలచినవారు ప్రొఫెసర్ రామ్మూర్తి పద్ధతిని అనుసరించడం మేలని, తక్కువ సమయంలోనే తగినంత శ్రమ లభిస్తుందని సూచించారు. వీరఘట్టం చెరువుగట్టున మొదలైన సాధన, ఎంతో దూరాన ఉన్న హిందీ ప్రాంతపు యువకునికి మార్గదర్శకమైంది. ఉపాధ్యాయునికి ఇంతకు మించిన సార్థకత ఏముంటుంది?

బెంగాలులోనూ ఆయన ప్రభావం తక్కువ కాదు. కలకత్తాకు చెందిన భవేంద్రమోహన్ సాహా అనే యువకుడు రామ్మూర్తి బలప్రదర్శనలకు ముగ్ధుడై ఆయన సర్కసులో చేరాడు. సంస్థతోపాటు తూర్పు దేశాలలో పర్యటించాడు. ఆ శిష్యుడే తరువాతి కాలంలో భీమ భవానీ అనే పేరుతో బెంగాలు ప్రజల అభిమానాన్ని చూరగొన్నాడు. తనకు తెలిసిన విద్యను దాచుకోకుండా, భాషాభేదం పాటించకుండా యువకులకు అందించడం రామ్మూర్తి స్వభావం.

విదేశాలలోనూ ఆయన ప్రదర్శనలిచ్చారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల సమక్షంలో తన బలాన్ని ప్రదర్శించి, ఇండియన్ హెర్క్యులిస్ అనే ప్రశస్తిని పొందారని ప్రసిద్ధి. హెర్క్యులిస్ గ్రీకు రోమను పురాణాలలో బలానికి ప్రతీక. మన పురాణాలలోని భీముడు ఎటువంటివాడో పాశ్చాత్యులకు అతడు అటువంటివాడు. పాలకుల దేశంలో, పాలితుల జాతికి చెందిన ఒక శాకాహారి ఆ పేరును అందుకోవడం ఆనాటి భారతీయులకు ఎంతో గర్వకారణమైంది.

ప్రదర్శనల ద్వారా ఆయన లక్షలకొద్దీ ధనం ఆర్జించారు. ఆర్జించినదానిని దాచుకోలేదు. సత్కార్యాలకు, సంస్థలకు, ఆపదలో ఉన్నవారికి ఉదారంగా దానం చేశారు. తన బలం తన ఒక్కని సొత్తు కానట్లే తన సంపద కూడా తన ఒక్కనిది కాదని ఆయన భావించారు. దీనివలన చివరి రోజులలో ఆయన చేతిలో మిగిలినది స్వల్పం.

అటువంటి సమయంలో ఆయన జీవితంలో అతిపెద్ద పరీక్ష ఎదురైంది. కాలిపై పుండు లేచి, రాచపుండుగా మారి, మానకపోగా నానాటికి విషమించింది. పెనిసిలిన్ వంటి మందులు ఇంకా ప్రజలకు అందుబాటులోకి రాని రోజులవి. విషం పైకి పాకితే ప్రాణమే పోతుంది. వైద్యులు కాలు తొలగించడం తప్ప మార్గం లేదని నిశ్చయించారు. రెండు కార్ల లాగుడును తట్టుకొని నేలలో నాటుకొన్నట్లు నిలిచిన కాలు అది. బలప్రదర్శనయే జీవనాధారమైన వ్యక్తికి కాలు కోల్పోవడమంటే జీవికను కోల్పోవడమే. ఒకవైపు ప్రాణం, మరొకవైపు ఇంతకాలం తాను నిర్మించుకొన్న దేహం. రామ్మూర్తి వైద్యుల మాటను అంగీకరించారు. ఎంతో సాధన చేసిన తన దేహానికి వైద్యంతో పనిలేదని ఆయన అహంకరించలేదు. ఇది ఆయన వివేకానికి నిదర్శనం.

శస్త్రచికిత్స వేళ మత్తుమందు ఇవ్వబోగా ఆయన వద్దన్నారని, ప్రాణాయామంలో నిమగ్నుడై ఆ బాధను నిబ్బరంగా సహించారని ఆయన జీవితచరిత్రను రాసినవారు పేర్కొన్నారు. ఆ కాలంలో విరివిగా వాడుకలో ఉన్న మత్తుమందు క్లోరోఫాం. 1847లో స్కాట్లండు వైద్యుడు సింప్సన్ దీనిని వాడుకలోకి తెచ్చాడు. అయితే క్లోరోఫాం పీల్చిన రోగులలో కొందరు హఠాత్తుగా మరణించడం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. దీనిపై పరిశోధనకు వేదికగా నిలిచినది హైదరాబాదు నగరం. నిజాం ప్రభుత్వ ఆర్థిక సహాయంతో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుని ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫాం కమిషన్లు అక్కడ పనిచేశాయి. మందు ఇచ్చే వైద్యుడు అన్నింటికన్న ముందు రోగి శ్వాసను కనిపెట్టి ఉండాలని లారీ నొక్కి చెప్పాడు. క్లోరోఫాం గుండెను కూడా నేరుగా దెబ్బతీయగలదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. కాలక్రమాన సురక్షితమైన మందులు రావడంతో దాని వాడుక అంతరించింది.

ప్రాణాయామం మత్తుమందుకు బదులు కాజాలదు. నేటి శస్త్రచికిత్సలో మత్తుమందు నిపుణుని పాత్ర శస్త్రవైద్యుని పాత్రకు తీసిపోదు. అయితే రామ్మూర్తి ఉదంతం ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. బాధ దేహంలో పుట్టినా దాని తీవ్రతను అనుభవించేది మనస్సు. భయం పెరిగినకొద్దీ శ్వాస పొట్టిదవుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, బాధ ఇనుమడిస్తుంది. శ్వాసను నెమ్మదింపజేసి మనస్సును దానిపై నిలిపితే ఆ వలయం సడలుతుంది. ఏనుగును మోసినప్పుడు ఆయన శ్వాసను కవచంగా బిగించారు. కాలును కోల్పోతున్నప్పుడు అదే శ్వాసను ఆధారంగా చేసుకొని దేహాన్ని సడలించారు. మొదటిది వేలాదిమంది ఎదుట చేసిన ప్రదర్శన. రెండవది చప్పట్లు కొట్టేవారెవరూ లేనిచోట చేసిన సాధన. ఈ రెండింటిలో ఏది గొప్పదో ఆలోచనాపరులు తేలికగానే గ్రహించగలరు.

జీవిత చరమాంకంలో రామ్మూర్తి నాయుడు ఒరిస్సాలోని పాట్నా సంస్థానంలో, దాని రాజధాని అయిన బలంగీరులో సంస్థానాధీశుల ఆదరణలో గడిపారు. ఒకనాడు ఆయన చుట్టూ మూగిన జనసందోహం అక్కడ లేదు. 1942 జనవరి నెలలో, సంక్రాంతి పండుగ దినాలలో, ఆయన అక్కడే తనువు చాలించారు. పంట ఇంటికి చేరే వేళ ఆ మహాబలుని జీవితయాత్ర ముగిసింది. అప్పటికి ఆయన వయస్సు అరవై సంవత్సరాల లోపే.

రామ్మూర్తి సాధన కొనసాగిన కాలంలోనే యోగాభ్యాసాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించే ప్రయత్నాలు దేశంలో ప్రారంభమయ్యాయి. 1924లో స్వామి కువలయానంద లోనావలాలో కైవల్యధామాన్ని స్థాపించి, ఆసన ప్రాణాయామాల వల్ల దేహంలో కలిగే మార్పులను పరికరాలతో కొలిపించారు. ఐక్యరాజ్యసమితి 2014లో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించగా, 2015 నుండి అది ప్రపంచమంతటా జరుగుతున్నది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుండి 20 సార్లు శ్వాసిస్తాడు. దానిని నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గించి నెమ్మదిగా శ్వాసించినప్పుడు గుండె లయలో మేలైన మార్పు కనిపిస్తుందని, దేహాన్ని శాంతపరచే నాడీవ్యవస్థ చురుకుగా పనిచేస్తుందని పరిశోధకులు గుర్తించారు.

నేటి ఆసుపత్రులలో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు కలవారికి మందులతోపాటు ఉదర శ్వాస, పెదవులు ముడిచి నెమ్మదిగా గాలి విడవడం, క్రమంగా నడక పెంచడం నేర్పుతారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధి విజృంభించినప్పుడు రోగులను బోర్లా పడుకోబెట్టడం, కోలుకొన్న తరువాత శ్వాస వ్యాయామాలు చేయించడం ఎందరికో ఉపకరించింది. కొత్తగూడెం, ఇల్లెందు వంటి బొగ్గుగనుల ప్రాంతాలవారికి ఊపిరి విలువను వేరుగా చెప్పనక్కరలేదు. భూగర్భంలో ధూళి నడుమ శ్రమించే కార్మికునికి ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తులే అసలైన ఆస్తి. ధూళి నుండి రక్షణ, సకాలంలో వైద్య పరీక్ష, దానికి తోడుగా వ్యాయామం – ఈ మూడూ అవసరమే. వీటిలో ఏ ఒక్కటీ మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. పుండు ముదిరినప్పుడు వైద్యుని ఆశ్రయించి, బాధ కలిగినప్పుడు శ్వాసను ఆశ్రయించిన రామ్మూర్తి జీవితం బోధించేది కూడా ఇదే.

తెలుగువారు ఆయనను మరచిపోలేదు. విశాఖపట్నం సముద్రతీరంలో ఆయన విగ్రహం నెలకొన్నది. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణానికి ఆయన పేరు పెట్టారు. ఆ జిల్లాలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తం 240 కిలోల బరువునెత్తి కాంస్య పతకం సాధించింది. ఒలింపిక్ పతకం గెలుచుకొన్న తొలి భారతీయ మహిళ ఆమెయే. రామ్మూర్తి నాయుడి కాలంలో బలసాధన పురుషులకు మాత్రమే పరిమితమన్న భావం ఉండేది. అదే నేలపై పెరిగిన ఒక బాలిక ఆ భావాన్ని చెరిపివేసింది.

ఈనాడు విద్యార్థి గంటల తరబడి కూర్చొని చదువుతున్నాడు. పరీక్షల భయంతో నిద్ర తగ్గుతున్నది, శ్వాస పొట్టిదవుతున్నది, మెడ, నడుము నొప్పులు చిన్నవయసులోనే మొదలవుతున్నాయి. ఇందుకు కలియుగ భీముడు కానవసరం లేదు. ఏనుగును మోయనవసరం లేదు. ప్రతిదినం కొంతసేపు మనస్సు పెట్టి దేహాన్ని కదిలించడం, నెమ్మదిగా శ్వాసించడం, ఆహారంలో మితం పాటించడం, అవసరమైనప్పుడు వైద్యుని సలహా స్వీకరించడం అలవరచుకుంటే చాలు. దేహాన్ని సేవకునిగా వాడుకొని అరగదీయడం కాక, ఆప్తమిత్రునిగా ఎరిగి నడచుకోవడం కోడి రామ్మూర్తి నాయుడు తన జీవితం ద్వారా అందించిన సందేశం. బలం ఉన్ననాడు దానిని పదిమందికి పంచి, బలం పోయిననాడు నిబ్బరాన్ని వీడని ఆ ధీరుని చరిత్ర యువతరానికి సదా స్ఫూర్తిదాయకం.